గోనెలో మూటగట్టిన మంట

ఎండాకాలంలో కట్టయ్య ఛాయ్ కొట్టు కాడ కూర్చునే వాళ్లకు రెండు బాధలు. ఒకటి పడమటి గాలి, రెండోది జ్ఞానప్రకాశం. గాలి పొద్దు నెత్తి మీదికి వచ్చాక గానీ లేవదు, పొద్దు గూకితే ఆగుతుంది. జ్ఞానప్రకాశానికి అంత నియమం కూడా లేదు.

ఆ రోజు పొద్దున ఫైరింజన్ ఆఫీసు జమేదారు మా వాడకు వచ్చాడు. ఎర్ర మోటారు మా గల్లీలో పట్టదు కాబట్టి రోడ్డు మీదే ఆపి, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొని నడిచి వచ్చాడు. మావన్నీ తాటికమ్మల ఇండ్లే. ఇంటింటి ముందూ నిలబడి ఒకటే మాట చెప్పాడు. గాలి లేవకముందే వంట చేసుకొని పొయ్యిలో నీళ్లు చల్లండి. గోలెం నిండా నీళ్లు, బొక్కెన నిండా ఇసుక పెట్టుకోండి. పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకుంటే ఏదైనా బోర్లించి తెచ్చుకోండి, గాలికి మోసుకురావద్దు. అందరం తలలు ఊపాం. తల ఊపడంలో మా వాడను మించిన వాడ వరంగల్లో లేదు.

చివరికి జమేదారు జ్ఞానప్రకాశం ఇంటి ముందు ఆగి పైకి చూశాడు. ఆయన ఇంటి చూరు సందు దాటి వచ్చి, పక్కనున్న చిలుకమ్మ ఇంటి మీద తల పెట్టి పడుకున్నట్టు ఉంటుంది. ఒకప్పుడు ఎడ్లకు నీడ కోసం పొడుగ్గా దించిన చూరు అది. ఎడ్లు పోయాయి, చూరు మిగిలింది.

"ఒక ఇల్లు అంటుకుంటే రెండో ఇంటికి మంట ఎక్కేది ఈ చూరు మీదికెల్లే పెద్దాయనా, ఇయ్యాలనే రెండు మూరలు కోయించు" అని చెప్పి జమేదారు వెళ్లిపోయాడు.

ఈ మాటే చిలుకమ్మ రెండు ఎండాకాలాలుగా చెప్తోంది. ఈసారి ఆమెకు ఆగే ఓపిక లేదు. కూతురు పురిటికి వచ్చి ఉంది. మనవడికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. బాలింత మంచం సరిగ్గా ఆ చూరు వచ్చి ఆనిన చోటి కిందే ఉంది, ఆ ఇంట్లో వేరే తావు లేదు. అందుకని జమేదారు అటు పోగానే ఆమె ఇటు ఛాయ్ కొట్టు కాడికి వచ్చింది. వెంట అల్లుడు యాకయ్య కూడా ఉన్నాడు.

"అన్నా, ఇయ్యాల కోస్తవా, కొయ్యవా? ఒక్క మాట చెప్పు, నాకు ఇంట్ల పనున్నది."

జ్ఞానప్రకాశం సాసరులో ఛాయ్ పోసుకొని ఊదుకుంటున్నాడు. కేసముద్రం మార్కెట్ నుంచి వరంగల్‌కు పత్తి బండ్లు తోలిన మనిషి. బండి ఆగిపోయి ఏండ్లయింది, నోరు ఇంకా ఆగలేదు.

"కొయ్య," అన్నాడు.

"ఎందుకు కొయ్యవు?"

"నేనుండంగ నా ఇంటి మీదికి అగ్గి రాదు గనక."

"నువ్వేమన్న వానదేవునివా?"

ఆయన సాసరు కింద పెట్టాడు. పక్క బెంచీ మీద దర్జీ వెంకట్రాజం "అయిపోయినం" అని నా చెవిలో అన్నాడు.

"సూడు చెల్లే, అగ్గి గురించి నాకు చెప్పకు. ఆ జమేదారు పుట్టకముందు సంది నాకు అగ్గితోని పరిచయం. పోయిన క్రిస్మస్ పండుగకు మా ఇంట్ల జరిగిందే చెప్త, అబద్ధమైతే మా ఇంటి ఏసమ్మనే అడుగు. మా ఇంటిది అర్సెలు కాలుస్తాంది, కట్టె ఎక్కువ పెట్టింది, నూనె కడాయి భగ్గుమన్నది. ఆమె ఏం చేసింది? మీ ఆడోళ్లందరు చేసేదే, చెంబుతోని నీళ్లందుకున్నది. నేను గడపల కూసున్న. 'ఆగవే, మరిగే నూనెల నీళ్లు పోస్తె మంట ఎగిరి ఇంటి కొప్పందుకుంటది!' అన్న. పొయ్యిల కట్టెలు బయటికి గుంజిన, పెద్ద మూత తీసుకొని కడాయి మీద పక్క నుంచి జరిపిన. మంటకు ఊపిరాడలే. సచ్చింది. గంతే."

"అది మంచి పనే అన్నా," అన్నాడు కట్టయ్య గ్లాసులు కడుగుతూ.

మంచి పనే. మేము అక్కడితో లేచి వెళ్లిపోయి ఉంటే, ఎవరైనా ఎక్కడైనా చెప్పుకోదగిన మాట అది. కానీ వెంకట్రాజానికి నోరు ఊరుకోదు. "మూత ఎంతసేపు ఉంచినవ్ మామా?" అని అడిగాడు. ఎవరు అడగమన్నారో.

"ఎంతసేపా? నువ్వు అది మామూలు మంట అనుకుంటానవా? మూత కింద కుతకుతలాడింది. మూతను లేపింది. ఇగ లాభం లేదని నేను మూత మీద ఎక్కి కూసున్న. నన్ను గూడ లేపింది! మూర ఎత్తు లేచిన, బార ఎత్తు లేచిన. ఏసమ్మ నా కాళ్లు పట్టుకొని గుంజబోయింది, ఆమె గూడ లేచింది. పక్కింటి మేక ఆమె కొంగు నములుకుంట ఉండె, అది గూడ లేచింది."

"పక్కింట్ల ఉన్నది నేను. నాకు మేక ఎన్నడున్నది?" అంది చిలుకమ్మ.

"అటు పక్కింటిది. మధ్యల మాట్లాడకు చెల్లే, కథ తెగుతది. నేను కొప్పుకు తల తగిలేదాక పోయి, అక్కడ కొప్పు వాసం పట్టుకొని, గట్టిగ కిందికి తన్నిన. మూత పోయి కడాయి మీద పడ్డది, ఏసమ్మ పోయి మూత మీద పడ్డది, మేక పోయి ఏసమ్మ మీద పడ్డది. ఇగ మంట ఎటు పోతది? అర్సెలు సుత మాడలే."

"అన్నా, నేను అడిగింది చూరు."

"దానికే వస్తాన! మీకు చెప్పుడంటె నాకు తల ప్రాణం తోకకొస్తది. నిలవడి వినే ఓపిక లేదు, చూరు చూరు అని మొత్తుకుంటరు."

చిలుకమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని నిలబడింది. తల ఎత్తి పొద్దు వైపు చూసింది. గాలి ఇంకా లేవలేదు. అల్లుడి వైపు చూసింది. యాకయ్య గల్లీలోకి నడిచాడు. అప్పుడు ఆమె కొంగు దోపుకొని కొట్టు గుంజకు ఆనుకొని కింద కూర్చుంది.

"సరే, తీరుబడిగనే చెప్పు అన్నా. ఆ తర్వాత ఏమైంది?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. జ్ఞానప్రకాశాన్ని 'ఆ తర్వాత ఏమైంది' అని అడిగిన మనిషి మా వాడలో అంతవరకు పుట్టలేదు. అడక్కుండానే చెప్తాడు కాబట్టి ఎవరికీ అవసరం రాలేదు. కట్టయ్య చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. జ్ఞానప్రకాశం కూడా ఒక్క క్షణం అనుమానంగా చూశాడు. తర్వాత ముఖం విప్పారింది.

"అదీ, అట్ల అడగాలె. అది ఇంట్ల మంట. కేసముద్రం మంట సంగతి చెప్త. ఎండకాలం, పట్టపగలు. నేను ఖాళీ బండితోని కేసముద్రం పోతాన. నా ఎడ్లు సంసోను, దావీదు. అసొంటి ఎడ్లు ఇగ పుట్టయి, పుట్టినా మీ అసొంటోళ్ల దగ్గర ఉండయి. వరంగల్ దాటి జర దూరం పోయిన్నో లేదో, తొవ్వ మధ్యల ఎర్ర మోటారు ఆగి ఉన్నది. డ్రైవరు హేండిలు తిప్పి తిప్పి చేతులు వాసి కూసున్నడు. 'ఏంది నాయినా?' అన్న. 'కేసముద్రంల పత్తి గోదాం అంటుకున్నది పెద్దాయనా, మోటారు లేస్తలేదు' అని ఏడుస్తాండు. మొగులు దిక్కు చూసిన. పొగ! ఎంత పొగంటరు? మడికొండల కోళ్లు పొద్దుగూకిందనుకొని పట్టపగలే గంపల కిందికి పోయి పండుకున్నయ్. పాలంపేటల రామప్ప గుడికాడ రాతి నంది లేదా? పొగ ముక్కులకు పోయి తుమ్మింది."

"రాయి తుమ్ముడేంది మామా?"

"పోయి చూడు. ముక్కు పుటాలు ఇట్ల విచ్చుకొని ఉంటయా ఉండయా? అప్పటి సంది అట్లనే ఉన్నయ్. వెంకట్రాజం, నువ్వు జర గుడ్డ కుట్టుకో, నాకు అడ్డం రాకు."

"చెప్పన్నా, వాడు అట్లనే అంటడు. ఆ తర్వాత?" అంది చిలుకమ్మ.

"ఆ తర్వాత ఏముంటది? బండి విప్పిన, మోటారుకు కాడి కట్టిన. పొద్దున వచ్చి నా ఇంటి ముంగట రెండు మూరలు, రెండు మూరలు అని చెయ్యి చూపెట్టిండు గద, ఆ జమేదారు, ఆనాడు ఆ మోటారుకు క్లీనరు. వెనుక పట్టుకొని ఏలాడుకుంట వచ్చిండు. 'నాయినా జర మెల్లగ తోలు, నాకు లగ్గం కూడ కాలే' అని ఏడిసిండు. ఇయ్యాల గుర్తే పట్టనట్టు పోతాండు. ఉద్యోగం వస్తె మనిషికి కండ్లు పోతయ్."

"నిన్ను పెద్దాయనా అనే అన్నడు గద, గుర్తుపట్టే అన్నడేమో," అన్నాడు కట్టయ్య. జ్ఞానప్రకాశం ఆ మాటను పట్టించుకోలేదు.

"సంసోనూ, ఛల్! అన్న. అంతే. ఇగ తొవ్వ కనవడలే. గంట కొడ్తాండు ఆ క్లీనరు, కని గంట మోత మాకు అందుతలేదు, వెనుక పడిపోయింది. మేం కేసముద్రం చేరి, ఎడ్లకింత గడ్డేసి, నేను మొఖం కడుక్కొని, రుమాలు కట్టుకున్నంక, అప్పుడు వినవచ్చింది, టంగ్ టంగ్ టంగ్ అని. ఊరోళ్లు ఇంకో ఇంజను వస్తాందనుకొని తొవ్వ ఇచ్చిన్రు."

"రైలు పట్టాల పక్కపొంటే గద మామా తొవ్వ. రైలు గిట్ల కలవలేదా?"

వెంకట్రాజం ఎగతాళికే అడిగాడు. జ్ఞానప్రకాశానికి ఎగతాళి తెలియదు.

"ఎందుకు కలవది? డోర్నకల్ పాసింజరు కలిసింది. జర సేపు మా పక్కకు ఉరికింది, ఇగ చాతగాలే. గార్డు మాకు పచ్చజెండా చూపెట్టిండు, పోన్రి నాయినా అని. లోపల కూసున్నోళ్లు టికెట్ పైసలు వాపసియ్యమని లొల్లి పెట్టుకున్నరట, అది నేను చూడలే, చూడంది నేను చెప్ప."

కట్టయ్య తల పట్టుకున్నాడు. అప్పుడే నాకు గల్లీ లోపలి నుంచి ఒక చప్పుడు వినిపించింది. కొడవలితో ఎండు కమ్మలు కోస్తుంటే వచ్చే చప్పుడు. ఒకసారి వచ్చి ఆగి, మళ్లీ వచ్చింది. జ్ఞానప్రకాశం తల అటు తిప్పబోయాడు.

"అన్నా," అంది చిలుకమ్మ గబుక్కున, "మరి మోటారుల నీళ్లుండెనా?"

ఆయన తల మళ్లీ ఇటు తిరిగింది. నేను వెంకట్రాజం వైపు చూశాను, వెంకట్రాజం కట్టయ్య వైపు చూశాడు. ఛాయ్ ఒక్కటి తాగి బెంచీ అంతా ఆక్రమించుకుంటాడని ఈ మనిషి మీద రోజూ పండ్లు కొరికే కట్టయ్య, ఇంకో ఛాయ్ పోసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "తాగన్నా, గొంతు ఎండుతది. నీళ్లుండెనా మరి?"

"అడిగిన్రు! అది అడగాలె. చుక్క లేదు. మా ఉరుకుడుకు ట్యాంకిల నీళ్లన్ని వెనుకకు ఎగిరి తొవ్వ పొంటి పడ్డయ్. ఆ ఏడు ఆ తొవ్వకు రెండు దిక్కుల వాన లేకుంట జొన్న పండింది. సరే, నీళ్లు లేవు. ముంగట మంట. హమాలీలు బొక్కెనలు పట్టుకొని ఇటు ఉరుకుతాండ్రు, అటు ఉరుకుతాండ్రు, ఒకనికొకడు తాకి కిందపడుతాండ్రు. ఒకని ధోతికి అగ్గంటుకుంటె వాడు ఉరుకుతాండు. పట్టుకొని కింద పడేసి పొర్లించిన, గొంగడి కప్పిన. ఇది మాత్రం నిజం, మీరందరు మనసుల పెట్టుకోన్రి, బట్టలంటుకుంటె ఉరకొద్దు, ఉరికితె గాలికి ఇంకింత లేస్తది."

"మరి మిగిలింది నిజం కాదా?" అన్నాడు వెంకట్రాజం.

"అన్ని నిజమే. ఇది ఎక్కువ నిజం. నీకు చెప్పుడు గోడకు చెప్పుడు ఒక్కటే. ఆ తర్వాత నేనేం చేసిన్నో తెలుసా? చుట్టు చూసిన. మార్కెట్ యార్డుల గోనె సంచులు గుట్టలు గుట్టలు. మంట మీద తడి గోనె వేస్తె ఆరుతది, ఇది పసిపోరనికి గూడ తెలుసు. కని గోదామంత మంటకు ఒక్క గోనె ఏ మూలకు? 'దబ్బనం తేన్రిరా, సుతిలి తేన్రి' అన్న. వాళ్లు సంచులు అందిస్తాండ్రు, నేను కుడుతాన. తమలపాకు నమిలి ఉమ్మేలోపట యార్డుల సంచులన్ని ఒక్క దుప్పటైనయ్."

వెంకట్రాజం నిజంగానే నొచ్చుకున్నాడు. "మామా, నేను పొద్దంత మిషను తొక్కితె రెండంగీలు ఎల్లయి."

"నీకు చెయ్యి రాదు గనక ఎల్లయి. పోయిన పండుగకు నాకు కుట్టిన అంగీకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. నేనేమన్న అన్ననా? అనలే. తొడుక్కున్న."

"నీ చేతులే అట్లున్నయ్."

"కొట్లాట తర్వాత పెట్టుకోన్రి," అంది చిలుకమ్మ. గల్లీలో చప్పుడు ఇంకా వస్తోంది. "దుప్పటి కుట్టినవ్. తడపాలె గద, ఎట్ల తడిపినవన్నా?"

"చెరువుల ముంచిన. చెరువు ఎండింది. చేపలు ఒడ్డు మీద నిలవడి 'ఇదేందయ్యా' అన్నట్టు నా దిక్కు చూసినయ్. మళ్ల పిండి వాటి నీళ్లు వాటికి ఇచ్చిన, జీవాల ఉసురు నాకెందుకు? తడి దుప్పటి ఎత్తి గోదాం మీద కప్పిన. మంట లోపలున్నది. ఊపిరాడతలేదు. ఇగ సావాలె. సచ్చిందా? సావలే! దుప్పటిని లేపింది. నేను ఒక కొస పట్టుకున్న, సంసోను ఒక కొస పండ్లతోని పట్టుకున్నది, దావీదు ఒకటి పట్టుకున్నది, నాలుగో కొస ఆ క్లీనరును పట్టుకొమ్మన్న, వాడు కండ్లు మూసుకొని పట్టుకున్నడు. అందరం లేచినం."

"మళ్ల లేచిన్రా?" అన్నాడు కట్టయ్య. విసుగు ఆపుకోలేకపోయాడు.

"లేవకుంట ఎట్లుంటం? కడాయి మంటే నన్ను కొప్పుదాక లేపింది, గోదాం మంట ఎంతదాక లేపాలె? లెక్క చూసుకో. పైకి పోతానం, పోతానం. కిందికి చూస్తె ఖిలా వరంగల్ తోరణాలు ముగ్గుపిండితోని పెట్టినట్టున్నయ్. రైలు పట్టాలు జడకు కట్టిన దారం లెక్క ఉన్నయ్. మబ్బుల నడుమ చల్లగ ఉన్నది. దావీదుకు జలుబు చేసింది."

గల్లీలో దబ్బుమని ఏదో కిందపడింది. ఏసమ్మ గొంతు "జర పైలం కొడుకా" అంది. అంత స్పష్టంగా వినిపించింది. జ్ఞానప్రకాశం నోరు తెరిచి ఆగిపోయాడు.

"మా ఇంటిదాని గొంతు లెక్క ఉన్నది?"

ముగ్గురం ఒక్కసారే నోరు తెరిచాం.

"దావీదుకు జలుబు ఎట్ల తగ్గింది?" అన్నాను నేను. ఆయన కథ మధ్యలో నేను మాట్లాడడం నా జన్మలో అదే మొదలు. నా మీద నాకే చిరాకు వేసింది.

"ఎట్ల తగ్గుతది? కింద అంత మంట ఉన్నది గద, జర కిందికి దించి ముక్కుకు కాపడం పెట్టిన. తగ్గింది. అగ్గి చెడ్డది కాదురా, దాన్ని పెట్టే తీరుల పెట్టాలె. ఇగ నేను ఆలోచన చేసిన. ఇట్ల ఎంతసేపని మబ్బులల్ల తిరుగుతం, ఏసమ్మ బువ్వ వండి ఎదురు చూస్తది. నాలుగు కొసలు ఒక్క కాడికి గుంజిన, ముడి వేసిన. మంట మొత్తం మూటల పడ్డది. భుజాన వేసుకున్న. దిగినం."

"మంటను మూట కట్టినవా!" అంది చిలుకమ్మ. ఆమె గల్లీ వైపే చూస్తోంది.

"కట్టిన. లోపల గునుసుకుంట ఉన్నది, పిల్లి లెక్క. ఎక్కడ దిగినమంటరు? కాజీపేట టేషన్ల. అక్కడ బొగ్గు అయిపోయి ఇంజన్లన్ని మూలుగుకుంట నిలబడ్డయ్. టేషన్ మాస్టరు నా మూట దిక్కు చూసిండు, 'పెద్దాయనా, అందుల ఏమున్నది?' అన్నడు. 'అగ్గి' అన్న. కాళ్లు పట్టుకున్నడు. సరే పొమ్మని ముడి జర విప్పి, ఒక్కొక్క ఇంజన్ల పారతోని ఇంత పెట్టిన. ఆ ఎండకాలమంత ఈ లైన్ల నడిచిన రైళ్లన్ని నా గోనెల అగ్గితోని నడిచినయే. టికెట్ల మీద నా పేరు అచ్చు వేస్తమన్నరు. నేనే వద్దన్న, నాకు గొప్పలు చెప్పుకునుడు రాదు గనక."

  గల్లీలో చప్పుడు ఆగింది.

జ్ఞానప్రకాశం చల్లారిన ఛాయ్ ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకొని, చిలుకమ్మ వైపు వేలు చూపించాడు. "ఇప్పుడు సమజైందా చెల్లే? అప్పటి సంది అగ్గి నన్ను చూస్తె తల వంచుకొని పోతది. నేను నిలవడ్డ వాడల అడుగు పెట్టది. నా ఇంటి దిక్కు సుత చూడది. దానికి భయం. అసొంటిది, ఎవడో మోటారు తోలుకొని వచ్చి రెండు మూరలు కొయ్యమంటె నేను కోస్తనా? నీ మనవనికి నేను బాధ్యత. ఫికర్ చెయ్యకు. నా చూరు కింద ఉన్నోనికి అగ్గి భయం లేదు."

యాకయ్య గల్లీలోంచి వచ్చాడు. నెత్తి మీద పెద్ద మోపు, చేతిలో కొడవలి, ఒళ్లంతా కమ్మల పొట్టు. మోపును తెచ్చి కొట్టు ముందు దించాడు.

"అయిపోయింది అత్తా. రెండు మూరలు, కొలిచే కోసిన. సందుల ఇప్పుడు మనిషి నిలవడి మొగులు చూడొచ్చు."

జ్ఞానప్రకాశం మోపు వైపు చూశాడు. ఎండలకు తెల్లబడిన పాత కమ్మలు. ఆయన తన చేతులతో కప్పిన కమ్మలు. ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే బెంచీ మీద నుంచి లేచిన ఊపుకు గ్లాసు ఎగిరి పడింది.

"ఎవన్నడిగి కోసినవ్‌రా? నా ఇల్లు! నా చూరు! దొంగతనంగ ఎక్కుతరా? ఇప్పుడే పోతాన, ఫైరింజన్ ఆఫీసుకే పోత, జమేదారుకు చెప్పి నిన్ను లోపల వేయిస్త!"

"ఏసమ్మత్తనే అడిగిన మామా. నిచ్చెన ఆమే పట్టింది. ఇంకో మూర కోసినా ఫరక్ లేదన్నది."

"అది పట్టుడేంది! అది..."

"ఆగు మామా, జర ఇటు చూడు," అన్నాడు యాకయ్య.

అతని గొంతులో కోపం లేదు. అందుకే జ్ఞానప్రకాశం ఆగాడు. యాకయ్య మోపు ముందు గొంతుకూర్చొని, తాడు విప్పి, కమ్మల వరసను మెల్లగా పుస్తకం తెరిచినట్టు తెరిచాడు. మధ్యలో, కమ్మకూ కమ్మకూ నడుమ, సగం కాలిన బీడీలు ఉన్నాయి. ఒకటి రెండు కాదు, పిట్ట గూట్లో పుల్లల్లాగా ఉన్నాయి. బువ్వకు పిలుపు వస్తే మొగవాళ్లం చేసే పనే అది. బీడీ కొస నలిపి, మిగిలిన సగం తర్వాతకు పనికొస్తుందని చూరులో చెక్కి లోపలికి పోతాం. ఆరిందనే అనుకుంటాం. చాలా చోట్ల ఆరింది. మూడు నాలుగు చోట్ల మాత్రం బీడీ చుట్టూ కమ్మ నల్లగా మాడి ఉంది. ఒక చోట అరచెయ్యి అంత మేర కాలి, తనంతట తానే ఆగిపోయి, అంచు మసిబారి బొక్క పడింది.

"ఇది ఎక్కడిదో చెప్పనా అత్తా?" యాకయ్య ఆ బొక్కలో వేలు పెట్టాడు. "మన చూరు మీద ఆనిన కాడిది. కిందనే మంచం."

చిలుకమ్మ లేచి వచ్చింది. వంగి ఆ కమ్మ ముక్కను తుంచి చేతిలోకి తీసుకుంది. వేళ్ల మధ్య నలిపితే పొడి రాలింది. ఆమె ముఖంలో ఇందాకటి నుంచి ఉన్న నవ్వు లాంటిది పోయింది. ఆ ముక్కను తెచ్చి జ్ఞానప్రకాశం ముందు బెంచీ మీద పెట్టింది.

"అగ్గి నీ ఇంటి దిక్కు రాదన్నవ్. ఎందుకు వస్తదన్నా? ఎటన్న పోతె గద వచ్చేది. నీ చూరుల్నే కాపురం పెట్టింది."

  జ్ఞానప్రకాశం నోటి నుంచి మాట రాకపోవడం మేము మొదటిసారి చూశాం. కట్టయ్య ముందు నవ్వాడు. తర్వాత నేను. వెంకట్రాజం అయితే గుంజను పట్టుకొని వంగిపోయి నవ్వాడు. అంతసేపు భరించిన కథకు బదులు తీర్చుకుంటున్నట్టు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. అతని చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. చెవి మీద బీడీ లేదు. దాన్ని ఎక్కడ పెట్టి వచ్చాడో గుర్తుకొచ్చినట్టుంది.

కట్టయ్య నవ్వు కూడా ఆగింది. తల ఎత్తి కొట్టు చూరు వైపు చూశాడు. నేను ఎవరి వైపూ చూడలేదు.

"ఏంది, ఆగిన్రు?" అంది చిలుకమ్మ. "నవ్వున్రి."

పడమటి గాలి అప్పుడే లేచింది. బెంచీ మీది మాడిన కమ్మ ముక్క కొట్టుకుపోయింది. వెంకట్రాజం ఇంటి వైపు పరుగులాంటి నడక నడిచాడు. కట్టయ్య బెంచీ ఎక్కి చూరులో చెయ్యి పెట్టి తడమడం మొదలుపెట్టాడు. నేను మా ఇంటి ముందు పీట వేసుకొని ఎక్కాను. నాకు ఎన్ని దొరికాయో ఇక్కడ చెప్పను.

పీట మీద నుంచి చూస్తే, కోసిన చూరు కింద జ్ఞానప్రకాశం నిలబడి ఉన్నాడు. కాసేపు పైకి చూశాడు, కాసేపు సందులోకి చూశాడు. చిలుకమ్మ ఇంటి లోపలి నుంచి పసివాడి ఏడుపు వినిపించింది. తర్వాత గొంతు సవరించుకొని, గోలెంలో నీళ్లు పోస్తున్న యాకయ్యను పిలిచాడు.

"రెండు మూరలు ఏం సరిపోతయ్‌రా పోరడా? మూడు కొయ్యాలె. కేసముద్రంల నేను ఒక బజారు బజారంత..."

చిలుకమ్మ గడపలోంచి బయటికి వచ్చి, కొడవలిని ఆయన చేతిలో పెట్టింది.

"మూడో మూర నువ్వే కొయ్యన్నా. నిచ్చెన నేను పడ్త."

ఆయన ఆ కొడవలి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు.

"ఎక్కినంక జర నోరు మూసుకో," అంది ఇంట్లోంచి ఏసమ్మ. "మాట్లాడుకుంట కోస్తె చెయ్యి తెగుతది."